ఎలుగుబంటి పళ్ళు

2017 డిసెంబరు మొదటి వారంలో ఆ వీడియో నా ఫోన్లోకి వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మంచు జాడ లేని మట్టి నేల మీద ఒక తెల్ల ఎలుగుబంటి నడుస్తుంటుంది. నడవడం అని కూడా అనలేం, ఒళ్ళు ఈడ్చుకుంటూ పోతుంటుంది. బొచ్చు ఎవరిదో వదులు చొక్కా తొడిగినట్టు వేలాడుతుంటుంది. వెనక కాలొకటి నేలకి రాసుకుంటూ వస్తుంటుంది. ఒక చెత్త డబ్బాలో తలపెట్టి ఏదో వెతుకుతుంది. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు దాన్ని పెట్టినప్పుడు, వాతావరణ మార్పు అంటే ఇలా ఉంటుంది అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి జత చేశారు.

ఆ వాక్యాన్ని నేను తెలుగులోకి మార్చి, ముందూ వెనకా రెండు వాక్యాలు నావి కలిపి (అందులో మన ఏసీల గురించి ఒకటి), రెండు సాహిత్యం గ్రూపుల్లోనూ, మా ఇంటి గ్రూపులోనూ పెట్టాను. సాహిత్యం గ్రూపుల్లో కన్నీళ్ళ బొమ్మలు వరసగా వచ్చాయి. ఇంటి గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. రాత్రికి మా నాన్న ఫోన్ చేశాడు.

మా నాన్న కదిరి వైపు పశువుల ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన డాక్టరు కాదు. డాక్టరు రాని రోజుల్లో మాత్రం ఆయనే డాక్టరు. మా మాటలు ఇంచుమించు ఇలా జరిగాయి.

"ఆ వెనక కాలు చూసినావా? ఈడుస్తాంది. దెబ్బ తగిలిందో, లోపల గెడ్డ ఏమన్నా ఉందో. ఎన్నేండ్లదంట అది?"

"తెలీదు నాన్నా."

"పండ్లు చూసినారా ఎవరన్నా?"

"అది ధ్రువపు ఎలుగుబంటి నాన్నా. దాని నోరు తెరిచి పళ్ళెవరు చూస్తారు?"

"తిండి లేక పోతాందనేది కండ్లకి కనపడతాంది, సరే. ఎందుకు తినలేకపోయిందో ఎట్ల తెలిసె మీకు?"

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగానే ఉంది. "ఇది సైన్సు నాన్నా, నీకు అర్థం కాదులే" అన్నాను. ఆయన "సరేలేప్పా" అని పెట్టేశాడు.

ఎనిమిది నెలల తర్వాత, 2018 ఆగస్టు సంచికలో, నేషనల్ జియోగ్రాఫిక్ తన తప్పు తనే ఒప్పుకుంది. ఒక ఎలుగుబంటి ఆకలికీ వాతావరణ మార్పుకీ ఖాయమైన లంకె పెట్టడంలో హద్దు దాటామని ముద్రించింది. ఆ చిత్రీకరణలో పాల్గొన్న ఫొటోగ్రాఫర్ క్రిస్టీనా మిట్టర్‌మైయర్ అదే సంచికలో తమ వైపు కథంతా రాశారు. ఆమె సహచరుడు పాల్ నిక్లెన్ కెనడా ఆర్కిటిక్‌లోని సోమర్‌సెట్ దీవి దగ్గర ఆ జంతువును చూడటం, ఈమె బృందంతో వెళ్ళడం, 2017 ఆగస్టులో చిత్రీకరించడం, డిసెంబరులో విడుదల చేయడం అన్నీ ఉన్నాయి. వాళ్ళ అంచనా ప్రకారం ఆ వీడియో చేరింది దాదాపు 250 కోట్ల మందికి. ఆ ఎలుగుబంటి ఎందుకు చిక్కిపోయిందో తమకు తెలియదని ఆమె ఒప్పుకున్నారు. కథనం మా చేతుల్లోంచి జారిపోయింది అన్నది ఆమె మాటల సారాంశం.

అంటే పళ్ళు ఎవరూ చూడలేదు.

ధ్రువాల ఫొటోలంటే నాకు పిచ్చి. ల్యాప్‌టాప్ వాల్‌పేపర్ దగ్గర్నుంచి పుట్టినరోజులకి కొనిపెట్టుకున్న బరువైన బొమ్మల పుస్తకాల దాకా అన్నీ అవే. హైదరాబాద్ ఎండల్లో కూర్చుని ఇదేం సరదా అని నా భార్య అడుగుతూనే ఉంటుంది. ఈ ఫొటోలని నేను ఇన్నాళ్ళూ ఎట్లా చూశానో, ఎందుకంత సులువుగా నమ్మానో తేల్చుకోవాలని కూర్చున్నాను.

మొదటి జవాబు తేలిగ్గానే దొరికింది. కష్టం. ఈ ఫొటోలు తీయడం ఎంత కష్టమో మనకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, తెలియజేస్తూనే ఉంటారు. ఉప్పునీరు గడ్డకట్టేది మైనస్ 1.8 డిగ్రీల దగ్గర. అలాంటి నీళ్ళలోకి డ్రైసూట్ వేసుకుని దిగినా వేళ్ళు మొద్దుబారిపోతాయి. శ్వాస తీసుకునే రెగ్యులేటర్ గడ్డకట్టి గాలి వృథాగా పోవచ్చు. బ్యాటరీలు చలికి త్వరగా చచ్చిపోతాయి. నెత్తిన మంచు కప్పు ఉంటే, దిగిన కన్నం తప్ప బయటికి వేరే దారి ఉండదు. ఫ్రాన్స్‌కి చెందిన లోరాన్ బలెస్తా బృందం 2015లో అంటార్కిటికా అడేలీ తీరాన మంచు కింద 70 మీటర్ల లోతు దాకా దిగి ఫొటోలు తీసింది. ఒక్కో మునక గంటల తరబడి. ఆయన కాలివేళ్ళ నరాలు దెబ్బతిని, కోలుకోవడానికి నెలలు పట్టింది.

ఇంత కష్టపడి తెచ్చిన బొమ్మని ఎవరైనా శంకిస్తారా? నేను శంకించలేదు. కష్టం ఒక ఖాతా, నిజం ఇంకో ఖాతా అనే సంగతి మర్చిపోయాను. మొదటిదాంట్లో జమయిన డబ్బుని రెండోదాంట్లోంచి డ్రా చేసుకోనిచ్చాను.

ఈ గందరగోళం ఈనాటిది కాదు. షాకిల్టన్ ఎండ్యూరెన్స్ యాత్రకి ఫొటోగ్రాఫర్‌గా వెళ్ళిన ఫ్రాంక్ హర్లీ సంగతే చూడండి. 1915 అక్టోబరులో మంచు ఒత్తిడికి ఓడ నలిగిపోతే అందరూ దిగి మంచు పలకల మీదకి చేరారు. హర్లీ మాత్రం మళ్ళీ ఓడలోకి పోయి, బట్టలు విప్పి, గడ్డకట్టబోతున్న నీళ్ళలోకి దిగి, నెగటివ్ పెట్టెలు బయటికి తీశాడు. అన్నీ మోసుకుపోవడం కుదరదు కనుక షాకిల్టన్, తనూ కూర్చుని ఒక్కో గాజు పలకా ఎంచారు. సుమారు 120 ఉంచుకుని, 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు. మనసు మార్చుకుని మళ్ళీ ఏరుకునే వీలు లేకుండా పగలగొట్టారు. ఫొటో కోసం ఇంతకన్నా ఎక్కువ చేసినవాళ్ళని నేను ఎరగను.

ఆ హర్లీనే తర్వాత ఒక పని చేశాడు. 1916 ఏప్రిల్ 24న ఎలిఫెంట్ దీవి నుంచి జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవలో షాకిల్టన్ మరో ఐదుగురితో సాయం కోసం బయల్దేరుతుంటే, ఒడ్డున మిగిలిన 22 మంది చేతులు ఊపి సాగనంపుతున్న ఫొటో ఒకటుంది. ఆ నెగటివ్‌ని చెక్కి, దిద్ది, ఆగస్టు 30న ఓడ వచ్చి కాపాడిన దృశ్యంగా చూపించాడు. వీడ్కోలు కాస్తా రక్షణ అయిపోయింది. మనుషులు అవే చేతులు ఊపుతున్నారు. మారింది పడవ దగ్గరి నాలుగు గీతలూ, కింద వాక్యమూ. ప్రాణాలు పణంగా పెట్టి కాపాడుకున్న బొమ్మతోనే ఆయన అబద్ధమూ ఆడాడు. దొంగ అని కొట్టిపారేద్దామంటే ఆ 120 పలకలు అడ్డొస్తాయి. నెత్తిన పెట్టుకుందామంటే ఇది అడ్డొస్తుంది.

అంతకు కొన్నేళ్ళ ముందు, స్కాట్ యాత్రలో హెర్బర్ట్ పాంటింగ్ ఉన్నాడు. చలిలో కదలకుండా ఆయన కెమెరా ముందు నిలబడి నిలబడి విసుగెత్తిన తోటివాళ్ళు ఆ పనికి ఆయన పేరే క్రియాపదం చేసి 'పాంట్' అవడం అనేవాళ్ళట. 1911 జనవరిలో కిల్లర్ వేల్స్‌ని ఫొటో తీద్దామని ఆయన మంచు అంచుకి వెళితే, అవి కింది నుంచి గుద్ది ఆయన నిలబడ్డ పలకనే ముక్కలు చేశాయి. ముక్క మీంచి ముక్క మీదకి దూకి బతికి బయటపడ్డాడు. దగ్గర్లోనే కుక్కలు కట్టేసి ఉన్నాయి. వాటికోసం వచ్చాయో ఈయన కోసమో తెలియదు. ఆ రోజుల్లో ఆ జంతువులంటే కుట్రపన్నే రాకాసులని పేరు. ఇవాళ్టి డాక్యుమెంటరీల్లో అవే జంతువులు అవే మంచు పలకల మీది సీళ్ళని అలలు రేపి పడగొడుతుంటే, ఎంత తెలివి, ఎంత చక్కని కుటుంబ సహకారం అని వ్యాఖ్యానం వినిపిస్తుంది. తిమింగలాలు చేస్తున్నది మారలేదు. మన క్యాప్షన్ మారింది.

ఇప్పుడు పాల్ నిక్లెన్ దగ్గరికి వస్తాను. ఎలుగుబంటి ఒక్కటి పట్టుకుని ఆయన్ని తూచడం అన్యాయం. ఆయన చిన్నతనం కెనడాలోని బాఫిన్ దీవిలో, ఇన్యుయిట్ పల్లెలో గడిచింది. జీవశాస్త్రజ్ఞుడిగా పనిచేసి, లెక్కల పట్టికలతో జనాన్ని కదిలించలేమని కెమెరా పట్టుకున్నాడు. 2006లో అచ్చయిన ఆయన లెపర్డ్ సీల్ ఫొటోలు నేను వందలసార్లు చూసి ఉంటాను. అంటార్కిటికా నీళ్ళలో ఒక పెద్ద ఆడ సీల్ దగ్గరికొచ్చి, కెమెరా మీదా ఆయన తల మీదా నోరు బార్లా తెరుస్తుంది. గొంతు లోపలి దాకా కనిపిస్తుంది. తర్వాత శాంతించి ఒక పెంగ్విన్‌ని పట్టుకొచ్చి ఆయన వైపు వదులుతుంది. అది ఈదుకుంటూ పారిపోతుంది. ఇంకోటి తెస్తుంది. ఈయన పట్టుకోలేకపోతున్నాడని నీరసించినవి తెస్తుంది, చచ్చినవి తెస్తుంది. ఇలా నాలుగు రోజులు. 2011 టెడ్ ప్రసంగంలో ఆయన ఈ కథ చెబుతుంటే హాలంతా నవ్వుతుంది. వేటాడటం చేతకాని ఈ దద్దమ్మ ఆకలితో చస్తాడని సీల్‌కి బెంగ పట్టుకుందన్నది ఆ కథలో చమత్కారం.

నేను ఈ కథని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ 'తల్లిలా' అనే మాట వాడాను. ఆ మాట నాది. ఫొటోలో ఉన్నదల్లా లెన్సు ముందు ఒక సీల్, దాని నోటి దగ్గర ఒక పెంగ్విన్. లెపర్డ్ సీళ్ళు పెంగ్విన్లని పట్టి వదిలి, పట్టి వదిలి ఆడుకోవడం వేరే వాళ్ళూ చూశారు. ఇది ఆటా? పెట్టడమా? మనకి పేరు తెలియని మూడో సంగతేమన్నానా? ఫొటో చెప్పదు, చెప్పలేదు. 2003లో అంటార్కిటికాలోని రొథెరా కేంద్రం దగ్గర ఇదే జాతి సీల్ ఒక యువ బ్రిటిష్ పరిశోధకురాలిని నీళ్ళలోకి లాక్కుపోయి చంపింది. ఆమె చావూ నిజమే, ఈ నాలుగు రోజులూ నిజమే. వాటిని ముడేసి సీల్ మంచిదనో చెడ్డదనో తేల్చే వాక్యం ఏదైనా మనం పైనుంచి వేసిన రంగే.

అయినా ఆ ఫొటోల విలువ నాకేమీ తగ్గలేదు. నిక్లెన్ జూమ్ వేసుకుని దూరంనుంచి తీసే రకం కాదు. వైడ్ లెన్సు పట్టుకుని, జంతువుకి చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరికి పోతాడు. అందుకే ఆయన ఫొటోల్లో జంతువు వెనక దాని లోకం మొత్తం కనిపిస్తుంది. మంచు కప్పు, దాని గుండా దిగే ఆకుపచ్చ వెలుతురు, ఎక్కడో చుక్కంత మరో జంతువు. 2012లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ బహుమతి తెచ్చిన ఆయన ఎంపరర్ పెంగ్విన్ల ఫొటోలో, రాస్ సముద్రంలో పెంగ్విన్లు లోతునుంచి పైకి దూసుకొస్తుంటాయి, ప్రతిదాని వెనకా బుడగల తోక. ఈకల్లో దాచుకున్న గాలిని అవి పైకి వచ్చేటప్పుడు వదులుతాయని, ఆ సన్న బుడగలు నీటి రాపిడిని తగ్గిస్తాయని, ఆ వేగంతోనే మంచు గట్టు మీదకి ఎగరగలుగుతాయని అదే కాలంలో శాస్త్రజ్ఞులు వీడియో ఫుటేజీ కొలిచి చెప్పారు. ఈ ఫొటో కింద ఈ సంగతంతా రాయండి. ఫొటోని మళ్ళీ చూస్తే రాసిన ప్రతి మాటకీ సాక్ష్యం అందులోనే ఉంటుంది. బుడగలు కనిపిస్తున్నాయి, ఎక్కణ్ణించి వస్తున్నాయో కనిపిస్తోంది, దారి కనిపిస్తోంది.

మరి ఎలుగుబంటి కింది వాక్యానికి సాక్ష్యం ఫొటోలో ఎక్కడుంది? ఆకలికి ఉంది. కారణానికి లేదు.

ఆఫీసులో సర్వర్ పడిపోతే రూట్ కాజ్ రిపోర్ట్ నేనే రాస్తాను. లోడ్ ఎక్కువై పడిపోయింది అని ఊరికే రాసి పంపితే మా మేనేజర్ మొదట అడిగేది లాగ్ ఏది అని. ఆ నెలలో నిజంగానే లోడ్ పెరుగుతూ ఉండొచ్చు, గ్రాఫు కూడా ఉండొచ్చు. అయినా ఈ సర్వర్, ఈ రాత్రి, దేనివల్ల పడిందన్నది వేరే ప్రశ్న. ఉద్యోగంలో ప్రతి వారం పాటించే ఈ పాటి క్రమశిక్షణ, ఇంట్లో సోఫా మీద పడుకుని ఫోన్ చూస్తున్నప్పుడు నాకెందుకు లేకపోయింది? మా నాన్న అడిగింది అచ్చంగా లాగ్ ఏది అనే.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆర్కిటిక్ సముద్రపు మంచు తగ్గిపోవడం నిజం. 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. సెప్టెంబరు నాటికి మిగిలే మంచు విస్తీర్ణం దశాబ్దాలుగా పడిపోతూ, 2012లో ఆ రికార్డులోకెల్లా కనిష్ఠానికి చేరింది. ధ్రువపు ఎలుగుబంట్లు సీళ్ళని వేటాడేది ఆ మంచు మీద నిలబడే. మంచు లేకపోతే వాటికి గడ్డుకాలమే. ఇందులో అనుమానమేమీ లేదు. నా కోపమూ అందుకే. ఇంత గట్టి నిజాన్ని తీసుకెళ్ళి, ముసలిదో జబ్బుదో తెలియని ఒక్క జంతువు వీపు మీద మోపారు. అది మోయలేకపోయింది. ఆ వెంటనే, చూశారా అంతా నాటకం అనడానికి కాచుకుని కూర్చున్నవాళ్ళకి పండగ అయింది. ఏటా ఎలుగుబంట్లని చూసే నునావుట్ ఇన్యుయిట్లలో కొందరు అప్పుడే చెప్పారు, జబ్బు చేసినవీ ముసలివీ ఇలా చిక్కిపోవడం మాకు కొత్త కాదని. 250 కోట్ల మందిలో వాళ్ళ మాట ఎంతమందికి చేరి ఉంటుంది?

కెమెరా గురించి కాస్త తెలిసినవాళ్ళకి ఇంకో సంగతి గుర్తొస్తుంది. మంచుని కెమెరా ఇష్టానికి వదిలి ఫొటో తీస్తే అది తెల్లగా రాదు, బూడిదరంగులో వస్తుంది. ఎదురుగా ఉన్న లోకమంతా సగటున ఒక మధ్యస్థపు బూడిద అని కెమెరాలోని మీటర్ ముందే అనుకుని ఉంటుంది. ఫొటోగ్రాఫర్ కల్పించుకుని, కాదు, ఇది తెలుపు అని ఒకటి రెండు స్టాపులు వెలుతురు పెంచాలి. అంటే ధ్రువాల ప్రతి ఫొటోలోనూ తెలుపు ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. అది లేకపోతే మంచు మంచులా కనపడదు. క్యాప్షన్ కూడా అలాంటి నిర్ణయమే. కాకపోతే ఎక్స్‌పోజర్ ఎక్కువైతే మనకి తెలిసిపోతుంది, ఫొటో తెల్లగా పాలిపోతుంది. క్యాప్షన్ ఎక్కువైతే ఏమీ పాలిపోదు, పైగా ఫొటో ఇంకా బాగున్నట్టనిపిస్తుంది.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకు అంటారా? నేను ఏడెనిమిదేళ్ళుగా కథల మీదా కవిత్వం మీదా సమీక్షలు రాస్తున్నాను. పాతవి తీసి చూసుకున్నాను. ఎండిన చెరువు మీద కవిత వస్తే 'ప్రపంచీకరణ విధ్వంసానికి నిలువుటద్దం' అని రాశాను. ఒక ముసలాయన తన ఎద్దుని అమ్మేసిన కథ వస్తే దాని కిందా ఇంచుమించు అదే రాశాను. ఆ కథలో ఆయన ఎద్దుని ఎందుకు అమ్మాడో నిజానికి కథకుడు చాలా జాగ్రత్తగా చెప్పాడు, కొడుకుతో పడకపోవడం గురించి రెండు పేజీలు ఉన్నాయి. నాకు ఆ రెండు పేజీలు కనపడలేదు. ఎద్దు కనపడింది, క్యాప్షన్ సిద్ధంగా ఉంది. విమర్శ పేరుతో నేను ఎక్కువగా చేసింది ఆ వీడియో కింద వాక్యం రాసిన మనిషి పనే. వాళ్ళు ఎనిమిది నెలల్లో తప్పు ఒప్పుకుని అచ్చువేశారు. నేను ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈ మధ్య నేను ఎక్కువగా చూస్తున్నది అలెగ్జాండర్ సెమెనోవ్ ఫొటోలు. రష్యాలో తెల్ల సముద్రం ఒడ్డున మాస్కో విశ్వవిద్యాలయం వారి జీవశాస్త్ర కేంద్రంలో డైవింగ్ బృందాన్ని నడిపిన మనిషి. ఆయన తీసేవి జెల్లీ చేపలు, సముద్రపు పురుగులు, గుల్లలేని నత్తలు. వీటిలో చాలావాటికి మొహం ఉండదు. మొహం లేనిదాని మీద తల్లి, వీరుడు, బాధితుడు అనే మాటలు అంత తేలిగ్గా అతకవు. అందుకని చూడటం తప్ప గత్యంతరం ఉండదు. నల్లటి నీళ్ళలో ఎర్రటి సయానియా జెల్లీ చేప, దాని టెంటకిల్స్ విప్పిన జడలా. ఎంతసేపు చూసినా నాకు కథ తట్టలేదు. మొదట్లో విసుగనిపించింది. తర్వాత అదే హాయిగా అనిపించింది.

ఆయన తీసినవాటిలో క్లియోనె అనే జీవి ఉంది. గుల్ల లేని నత్త, అంగుళమో రెండంగుళాలో ఉంటుంది. ఒళ్ళంతా గాజులా పారదర్శకం, లోపల నారింజ రంగు పేగు, రెండు పక్కలా రెక్కలు. అందరూ దాన్ని సముద్రపు దేవత అంటారు (చూశారా, ఇక్కడికీ క్యాప్షన్ వచ్చేసింది). అది తినేది లిమసినా అనే ఇంకో చిన్న నత్తని. ఆ లిమసినాకి పల్చటి సున్నపు గుల్ల ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి నీటి ఆమ్లత పెరిగేకొద్దీ, ఇలాంటి గుల్లలు కట్టుకోవడం, నిలబెట్టుకోవడం కష్టమవుతుంది. చల్లటి నీళ్ళు ఈ వాయువుని ఎక్కువ కరిగించుకుంటాయి కనుక ధ్రువాల దగ్గర ముప్పు ముందుగా వస్తుంది. వాతావరణం మీద మనం చేసిన పని నేరుగా కనపడే చోటు ఏదైనా ఉంటే, అది ఈ గోరంత గుల్ల మీద ఉంటుంది. సంగీతం పెట్టి చూపించినా దానికోసం ఎవరూ ఏడవరు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాన్నకి ఈ క్లియోనె ఫొటో చూపించాను. ముందు ఆ ఎలుగుబంటి సంగతి చెప్పాను, నువ్వడిగింది సరైన ప్రశ్నే నాన్నా, వాళ్ళే ఒప్పుకున్నారు అని. ఆయనకి ఆ ఫోన్ సంభాషణ గుర్తుందో లేదో నాకు తెలియలేదు. "యా ఎలుగుబంటి?" అన్నాడు. గుర్తుండే అలా అన్నాడనుకుంటాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరికీ దూరంగానూ జరిపి, క్లియోనెని చాలాసేపు చూశాడు.

"ఏం తింటాది ఇది?"

చెప్పాను. ఇంకో నత్తని, గుల్లలోంచి లాగి.

"పండ్లుండాయా మరి?"

తల విచ్చుకుని కొమ్ముల్లాంటివి బయటికొస్తాయనీ, లోపల కొక్కేల్లాంటివి ఉంటాయనీ చదివింది గుర్తు చేసుకుని చెప్పాను. "ఆ ఫొటో ఉందా?" అన్నాడు. వెతికి తీస్తుంటే పక్కకి జరిగి నాకు మంచం మీద చోటిచ్చాడు.